సంక్రాంతికి అత్తారింటికి వెళ్తున్నాను, బరువు పెరగకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తారింట్లో ఆరు రోజులుండి వచ్చి కాటా ఎక్కితే రెండున్నర కిలోలు పెరిగాను. ఓ కిలో దిగింది, కిలోన్నర ఇప్పటికీ అలాగే ఉంది. ఏప్రిల్‌లో చేయించిన షుగర్ పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఈసారి 72 ఏళ్ల మా నాన్నను కూడా రమ్మన్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్, దానికి గ్లిమిపిరైడ్ టాబ్లెట్ వేసుకుంటారు. వద్దంటే అత్తయ్యగారు నొచ్చుకుంటారు. ఊళ్లో జిమ్ లేదు. ఏం తినాలి, ఏం మానాలి, వ్యాయామం ఎలా? వచ్చేటప్పుడు కట్టిచ్చే పిండివంటలు ఈసారి వద్దని చెప్పేయమంటారా?

జవాబు: నేను డైటీషియన్‌ని. విజయవాడలో పందొమ్మిదేళ్లుగా ఇదే పని, ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్లతోనే. జనవరి ఆఖరి వారం వచ్చిందంటే నా ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పే మాట మీరు రాసిందే, ఊరి పేరొక్కటే మారుతుంది.

ముందు మీ రెండున్నర కిలోల లెక్క చూద్దాం. ఒంటికి కిలో కొవ్వు పట్టాలంటే ఖర్చయ్యేదానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. రెండున్నర కిలోలకు పందొమ్మిది వేల పైచిలుకు. ఆరు రోజులకు పంచితే రోజుకు 3,200. అంటే టిఫిన్లు, భోజనాలు, కాఫీలు మామూలుగా అయ్యాక వాటి మీద రోజుకు పదహారు అరిసెలు. ఎంత గోదావరి జిల్లా మర్యాదైనా అంత తినిపించలేరు.

అలాగని కాటా అబద్ధమూ చెప్పలేదు. అన్నం, బెల్లం, పిండి బాగా తిన్నప్పుడు ఒళ్లు కొంత చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు కూడా నిలుస్తుంది. జంతికల్లో, పులిహోరలో, ఊరగాయలో ఉన్న ఉప్పు ఇంకొంత నీటిని పట్టి ఉంచుతుంది. ఇంకా అరగని తిండి బరువు ఎలాగూ ఉంటుంది. మీరు ఊరి నుంచి వచ్చిన రోజు పెరిగిందనుకున్న దాంట్లో అసలు కొవ్వు మహా అయితే అర కిలో, ముప్పావు కిలో. మిగతాదంతా వారం పది రోజుల్లో దిగిపోవాల్సింది.

మరి కిలో దిగి ఎందుకు ఆగింది? ఒకవైపు నీరు దిగుతుంటే ఇంకోవైపు కొత్తగా కొవ్వు ఎక్కుతోంది కనుక. అది ఎక్కింది భీమవరంలో కాదు, హైదరాబాద్‌లో మీ ఇంట్లోనే. ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బా ఫ్రిజ్ మీదో డైనింగ్ టేబుల్ మీదో ఉండి ఉంటుంది. సాయంత్రం టీతో ఒక అరిసె, రాత్రి టీవీ ముందు ఇంకొకటి. రోజుకు రెండు చొప్పున ఇరవై రోజులు తింటే ఎనిమిది వేల కేలరీలు. మీ లెక్క సరిపోయింది.

ఇది మిమ్మల్ని దెప్పడానికి చెప్పడం లేదు, మా ఇంటి సంగతీ అంతే. ఒక ఏడాది మా అమ్మ పంపిన డబ్బాలో అరిసెలు కావాలనే లెక్కపెట్టాను. అరవై నాలుగు. నలుగురం. పన్నెండో రోజుకి అడుగున నువ్వులు మిగిలాయి. తమాషా ఏమిటంటే ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ‘ఒక అరిసె’ తినలేదు. అందరూ సగం విరుచుకునేవాళ్లమే. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లడం, మూత తీయడం, ఎవరో విరిచిపెట్టిన సగం కనిపించడం, ‘సగమే కదా’ అనుకోవడం. పగలంతా పేషెంట్లకు కొలతలు చెప్పి వచ్చి నేను చేసిన పని ఇది. ఆ తర్వాతి సంవత్సరం నుంచి మా డబ్బా ఎక్కడుంటుందో చివర్లో చెబుతాను.

పండగ బరువు గురించి అమెరికాలో ఒక పరిశోధన జరిగింది, 2000లో అచ్చయింది. థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా 195 మందిని తూచి చూశారు. సగటున పెరిగింది 0.37 కిలోలే, అర కిలో కూడా లేదు. కానీ మరుసటి ఏడాది మళ్లీ తూచినప్పుడు అది తగ్గలేదు. వాళ్ల పండగలు వేరు, మన పండగలు వేరు. ఆ తగ్గకపోవడం మాత్రం నేను ఇక్కడ రోజూ చూసేదే.

మీ 6.1 గురించి కూడా ఒక మాట. 5.7 నుంచి 6.4 వరకు షుగర్ వచ్చే ముందు దశ అంటాం. హెచ్‌బీఏ1సీ అంటే రక్తంలో షుగర్‌కు సుమారు మూడు నెలల సగటు, అందులోనూ పరీక్షకు ముందు నెల వాటా ఎక్కువ. ఏప్రిల్‌లో తీసిన రక్తంలో జనవరి మూడు రోజుల ఊసు దాదాపు ఉండదు. కాబట్టి ఆ తప్పు మీ అత్తగారి మీదికి నెట్టకండి. అది మీ రోజువారీ తిండిదీ, కుర్చీదీ.

ఇక తిండి. ఏం మానాలని అడిగారు. పండగ మూడు రోజులూ ఏదీ పూర్తిగా మానొద్దు. మానేస్తానని వెళ్లినవాళ్లు భోగినాడు నిష్ఠగా ఉండి, కనుమనాడు రెండు రోజులవీ కలిపి తినడం చాలాసార్లు విన్నాను.

ఒక్క భ్రమ మాత్రం వదిలించుకోండి. ‘బెల్లమే కదండీ, పంచదార కాదు కదా’ అని చాలామంది నాతో వాదిస్తారు. వంద గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలుంటే బెల్లంలో 380. బెల్లంలో కొంచెం ఇనుము, పొటాషియం ఉంటాయి, నిజమే. రక్తంలో షుగర్ పెంచే విషయంలో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లే. మా అమ్మ చేసిన అరిసె వంటింటి కాటా మీద పెడితే 46 గ్రాములు తూగింది. బియ్యప్పిండి, బెల్లం, పీల్చుకున్న నూనె, నువ్వులు విడివిడిగా లెక్కగడితే 200 కేలరీల దగ్గర తేలింది. దాంట్లో మూడో వంతు నూనెదే. మూకుడులోంచి తీశాక చెక్కల మధ్య గట్టిగా నొక్కమని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. అక్కడ కారిపోయే ఒక చెంచా నూనె 40 కేలరీలకు పైనే. ఈమధ్య కొర్రల అరిసెలు, రాగి అరిసెలు అని అమ్ముతున్నారు. పిండి మారిందంతే, బెల్లమూ మూకుడూ అవే. తినాలనుకుంటే బియ్యప్పిండి అరిసే తినండి, రుచైనా దక్కుతుంది.

సున్నుండ కూడా ఇంచుమించు అదే లెక్క, 40 గ్రాములది 200 దగ్గర. కాకపోతే మినప్పప్పు వల్ల నాలుగు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, నెయ్యితో కడుపు నిండినట్టుంటుంది, కాబట్టి ఒకటి తిని లేవడం తేలిక. జంతికలు, చెగోడీలు, తెలంగాణ వైపైతే సకినాలు, ఇవి తీపి కావు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. నా అనుభవంలో అరిసె కంటే ఇవే ప్రమాదం. అరిసె రెండోది తినేసరికి మొహం మొత్తుతుంది. జంతికకు ఆ గుణం లేదు, కబుర్లు అయిపోయేదాకా చెయ్యి ఆగదు.

అందుకని ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను చెప్పేది ఇంతే. తీపి రోజుకు ఒకటి, మీకు బాగా ఇష్టమైంది, పగటి భోజనంలో. సాయంత్రం టీతో వద్దు. జంతికలు డబ్బాలోంచి నేరుగా తినొద్దు. చిన్న గిన్నెలో పోసుకుని, మూత పెట్టి, డబ్బాను లోపల పెట్టి వచ్చి కూర్చోండి.

విస్తరిలో మనకు ముందు తీపి వడ్డిస్తారు. వడ్డించనివ్వండి, తినడం మాత్రం కూరతో మొదలుపెట్టండి. కూర, పప్పు ముందు నాలుగు ముద్దలు పడ్డాక అన్నం, తీపి తింటే రక్తంలో షుగర్ అంత ఎత్తుకు లేవదు. అసలు ఈ పండగ కూరల పండగ కూడా. గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ, కొత్త వంకాయ, అనపకాయ, చేలోంచి పొద్దున కోసుకొచ్చిన ఆకుకూర. హైదరాబాద్‌లో డబ్బు పెట్టినా ఆ రుచి దొరకదు. బూరెల గొడవలో పడి వీటిని పట్టించుకోం. విస్తరిలో సగం కూరలతో నింపితే మిగతా సగానికి కాపలా అక్కర్లేదు. చెరుకు ముక్క నమలండి, రసం గ్లాసులతో తాగొద్దు. రేగుపళ్లు, జామకాయలు తినండి. తేగలు ఉడికించి పెడితే అవి పిండిపదార్థమే అని గుర్తుపెట్టుకుని ఆ పూట అన్నం తగ్గించండి.

కనుమనాడు మినుము తినాలంటారు. గారెలు, నాటుకోడి కూర. కోడికూరతో పేచీ లేదు. గారె ఒకటి వంద పైన ఉంటుంది కాబట్టి మూడు గారెలంటే కప్పున్నర అన్నం అనుకోండి. గారెలు తిన్న పూట అన్నం ఒక్క పెరుగు ముద్దతో సరి. మూకుడులో మిగిలిన నూనె మళ్లీ మళ్లీ కాచే అలవాటు ఇంట్లో ఉంటే మాన్పించండి. ఒకసారి వేయించాక రెండు రోజుల్లో తాలింపులకు వాడేసి వదిలేయడం మంచిది.

అత్తయ్యగారి సంగతి. విస్తరి ముందు కూర్చుని ‘వద్దండీ, డైట్’ అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాలుగు రోజులు మూకుడు ముందు కూర్చున్న మనిషి ఆవిడ. వారం ముందే ఫోన్ చేయండి. చేసి వద్దని చెప్పకండి, కావాలని అడగండి. ‘అత్తయ్యా, ఈసారి నాకు గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ కూర కావాలి, పొద్దున పెసరట్టు వేయండి’ అనండి. అల్లుడు నోరు తెరిచి అడిగాడన్న సంతోషం ముందు బూరెలెన్ని తిన్నాడో ఎవరూ లెక్కపెట్టరు. భోజనం దగ్గర మారు అడగాల్సి వస్తే కూరే మారు అడగండి. ఇంకో చిన్న చిట్కా, బూరె ముందే తిని విస్తరి ఖాళీ చేయకండి. ఖాళీ కనిపించిందా, ఇంకొకటి పడుతుంది. సగం బూరె చివరిదాకా అలా ఉంచండి. దీనితో గట్టెక్కిన అల్లుళ్లు నాకు చాలామంది తెలుసు. పెళ్లై ఏడాదైనా కాని కొత్త అల్లుళ్లకు మాత్రం నా దగ్గర మందు లేదు.

వ్యాయామం. మీ టెన్షన్ అంతా జిమ్ లేదని. ఆరు రోజులు బరువులు ఎత్తకపోతే కండ కరిగిపోదు. రెండు మూడు వారాలు వరుసగా మానేస్తేనే బలం తగ్గడం తెలుస్తుంది. అలాగే తిన్నది నడిచి అరగదీద్దామన్న ఆలోచన కూడా వదిలేయండి. మీ వయసువాళ్లు అరగంట వడిగా నడిస్తే 130, 150 కేలరీలు. ఒక్క అరిసెకే చాలదు.

నడక అవసరం వేరే ఉంది. తిన్న కాసేపటికి నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి, ఇన్సులిన్ అంతగా సాయపడకపోయినా సరే. అందుకని పొద్దున్నే గంట నడిచి రోజంతా పడుకోవడం కంటే, మూడు పూటలా భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడవడం మీకూ, నాన్నగారికీ మేలు. ఊళ్లో ఇది తేలికే. భోజనాలయ్యాక కాలవగట్టు దాకా వెళ్లి రండి. చిక్కల్లా దారిలో ప్రతి అరుగు దగ్గరా ‘ఎప్పుడొచ్చారు అల్లుడుగారూ’ అని ఆపేస్తారు. బావమరిదినో పిల్లల్నో వెంటపెట్టుకుంటే వాళ్లే లాక్కెళ్తారు. పొద్దున పూట మంచు బాగా కురుస్తుంది కాబట్టి నాన్నగారిని చీకట్లో బయల్దేరదీయకండి, ఎండ పొడ వచ్చాక చాలు.

బలానికి పది నిమిషాలు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం పన్నెండుసార్లు, గోడకు చేతులు ఆనించి పుష్అప్‌లు పన్నెండు, డాబా మెట్లు రెండుసార్లు ఎక్కి దిగడం. ఇదంతా మూడుసార్లు. నవ్వుతారనుకుంటే డాబా మీదికి వెళ్లి చేసుకోండి. మీ ఆవిడకు ఇవేవీ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున వాకిట్లో పెద్ద ముగ్గు వేసే మనిషి గంటలో ఎన్నిసార్లు గొంతుకూర్చుని లేస్తుందో ఒకసారి లెక్కపెట్టండి, జిమ్‌లో స్క్వాట్లు అని మీరు చేసేది అదే. ఈసారి ముగ్గులో రంగులు నింపే పని మీరు తీసుకోండి. కనుమనాడు కాకైనా కదలదంటారు గానీ, అది ప్రయాణం మానమన్న మాట, మంచం దిగొద్దని కాదు. కోడిపందేల బరి దగ్గర రోజంతా నిలబడితే అది కూడా వ్యాయామమేనా అని ఒకాయన నన్ను సీరియస్‌గా అడిగాడు. కాదండీ. అక్కడ చేతిలో ఏముంటుందో నాకు తెలుసు. మద్యంలో గ్రాముకు ఏడు కేలరీలు, పక్కన ఉండే వేపుడు లెక్క వేరు.

ప్రయాణం కూడా మర్చిపోకండి. పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దాటడానికే చాలా సమయం పడుతుంది. కారు ఆగిన ప్రతిసారీ దిగి అటూ ఇటూ నడవండి. తినడానికి వేయించిన శనగలు, జామకాయలు వెంట ఉంచుకోండి. లేకపోతే ఆ విసుగులో చిప్స్ ప్యాకెట్లు ఖాళీ అవుతాయి.

నాన్నగారి విషయంలో మీరు ఎక్కువ తినడం గురించి భయపడుతున్నారు, నా భయం ఆలస్యంగా తినడం గురించి. గ్లిమిపిరైడ్ వేసుకున్నాక సమయానికి తిండి పడకపోతే షుగర్ పడిపోతుంది. పండగ పూట పూజ అయ్యేసరికి పన్నెండు, బ్రాహ్మలు వచ్చి వెళ్లేసరికి ఒంటిగంట. టాబ్లెట్ పొద్దున్నే వేసేసుకుని ఖాళీ కడుపుతో కూర్చున్న పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలు చూశాను. ఆయన్ని ముందు రెండు ఇడ్లీలు తినమనండి, దేవుడు ఏమీ అనుకోడు. ఉపవాసమే ఉంటానంటే టాబ్లెట్ ఎలా వేసుకోవాలో బయల్దేరే ముందే ఆయన డాక్టర్‌ని అడగండి, మీరు సొంతంగా మార్చొద్దు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. తీపే కదా అని ఆ సమయంలో అరిసె పెట్టొద్దు, నూనె వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. గ్లూకోమీటర్, స్ట్రిప్స్, మందులు చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు.

కాళ్లు కూడా. చాలా ఏళ్ల షుగర్ అంటే అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. భోగిమంట దగ్గర నిప్పురవ్వ తొక్కినా, చేలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు లేకుండా గట్ల మీద తిప్పకండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు లైటు వెలుతురులో ఒకసారి చూడండి.

తిరిగొచ్చాక మర్నాడే కాటా ఎక్కకండి, వారం ఆగండి. లంకణాలు, డీటాక్స్ రసాలు వద్దు. మీ మామూలు తిండిలోకి వెళ్లిపోండి. జిమ్‌కు మాత్రం వచ్చిన మర్నాడే వెళ్లండి, ఇరవై నిమిషాలు చేసి వచ్చేసినా సరే. ‘ఫిబ్రవరి ఒకటి నుంచి మొదలుపెడతా’ అన్నవాళ్లను నేను మార్చిలో చూస్తుంటాను.

ఇక మీ చివరి ప్రశ్న. డబ్బా వద్దని చెప్పొద్దు, తెచ్చుకోండి. వద్దంటే అత్తయ్యగారు కొరియర్‌లో పంపుతారు. ఇంటికి రాగానే, సామాను సర్దకముందే, దాన్ని విడగొట్టండి. సగం మర్నాడు ఆఫీసుకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటికి, పక్కింటివాళ్లకు. గోదావరి అరిసెలని చెబితే ఆఫీసులో పదకొండు గంటలకల్లా మాయమవుతాయి. మిగతావి మనిషికొకటి చొప్పున చిన్న డబ్బాల్లో సర్ది అటక ఎక్కించండి. స్టూలు వేసుకుంటే గానీ అందకూడదు. మా ఇంట్లో ఇప్పుడు అలాగే ఉంటాయి, ఆదివారం భోజనంలోకి ఒక డబ్బా దిగుతుంది. కిందటేడు మా అమ్మ పంపినవి శివరాత్రి దాకా వచ్చాయి, ‘నచ్చలేదా ఏంటే’ అని అమ్మకు అనుమానం కూడా వచ్చింది.

ఖాళీ అయిన పెద్ద డబ్బాను మీ ఆవిడ ఊరికి తిప్పి పంపేటప్పుడు ఖాళీగా పంపొద్దంటుంది కదా. మిఠాయి కొట్టు స్వీట్లు వేసి పంపకండి. అక్కడ మీ మామగారు కూడా 60 దాటి ఉంటారు. వేయించిన వేరుశనగలో, ఖర్జూరాలో, మంచి కాఫీ పొడో వేసి పంపండి.